క్లాసిక్ 350 బాబర్‌కి హ్యాండిల్ బారు: కొనే ముందు కొలవాల్సినవి

తమ్ముడూ, నీ బండి వివరాలు చదివినా. 2015 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, ముందు డిస్కు, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) లేదు. బాబర్ తీరులో వెనక మడ్గార్డు పొట్టి చేసి స్ప్రింగుల మీద ఒంటి సీటు వేయిస్తా ఉన్నావు, ట్యాంకు పెయింటుకు పోయింది. బారు ఒక్కటే తేలలేదు. ఒక ఫ్రెండు ఏప్ హ్యాంగర్ (చేతులు పైకెత్తి పట్టుకునే ఎత్తు బారు) వెయ్యమంటాడు, ఇంకొకడు క్లిప్-ఆన్ (ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాలకు విడివిడిగా బిగించే రెండు పొట్టి బార్లు) అంటాడు, నీకేమో తిన్నగా ఉండే వెడల్పాటి డ్రాగ్ బార్ మీద మనసుంది. పాత కేబుళ్ళు సరిపోతాయా, తిరుపతిలోనే బిగించుకోవచ్చా, ఘాట్లో ఇబ్బంది ఉంటుందా అని అడిగినావు. ఎం.ఆర్.పల్లి నుంచి రోజూ రేణిగుంట దాకా డ్యూటీకి పోతానని, నెలకోసారి బెంగళూరు పోతానని కూడా రాసినావు. ఆ చివరి మాటే నాకు అన్నిటికంటే పనికొచ్చింది.

అసలు విషయం ముందే చెప్తా. బారు కొనేటప్పుడు అందరూ ఎత్తు చూస్తారు, ఫోటోలో కనపడేది అదే కాబట్టి. గంట సేపు నడిపినాక మణికట్టు నొప్పి పుట్టించేది మాత్రం ఎత్తు కాదు. బారు చివర్లు క్లాంపు (బారును మధ్యలో బండికి పట్టి ఉంచే బిగింపు) నుంచి వెనక్కి ఎంత వస్తాయి, ఏ కోణంలో వస్తాయి అన్నదే మొదట చూడాల. దాని తర్వాత వెడల్పు. ఎత్తు మూడోది. ఈ వరసలో ఎంచుకున్నోళ్ళు ఒక్క బారుతో సరిపెట్టుకుంటారు. ఎత్తుతో మొదలుపెట్టినోళ్ళు ఏడాది తిరక్కముందే రెండోది వెతుకుతా వస్తారు.

ఇంకా సీటు బిగించలేదు అన్నావు కదా, అట్లయితే బారు ఇప్పుడు కొనొద్దు. స్ప్రింగు సీటు మీద కూర్చుంటే నీ నడుము పాత సీటు కంటే కిందికి, చాలాసార్లు వెనక్కి కూడా పోతుంది. సీటు రెండంగుళాలు దిగితే, ఉన్న బారే రెండంగుళాలు పైకి లేచినట్టు. సీటు వెనక్కి జరిగితే బారు దూరమవుతుంది. ఫుట్‌రెస్టులు ముందుకు జరిపితే ఒళ్ళు వెనక్కి వాలి చేతులు ఇంకా సాగాల్సి వస్తుంది. కూర్చునే చోటు, కాళ్ళు పెట్టే చోటు ఖాయమైనాకే చేతుల చోటు తేలుతుంది. పని ఈ వరసలో చెయ్యమని నీ మేస్త్రీకి గట్టిగా చెప్పు.

సీటు బిగించినాక నేల సమంగా ఉన్న చోట బండికి సెంటర్ స్టాండు వెయ్యి. పాత బారు విప్పి పక్కన పెట్టు. సీటు మీద కూర్చో, కాళ్ళు ఫుట్‌రెస్టుల మీద పెట్టు, భుజాలు వదిలెయ్యి, కళ్ళు మూసుకో. మోచేతులు కొంచెం వంగి ఉండేట్టు చేతులు ముందుకు తెచ్చి, గ్రిప్పులు ఉన్నాయనుకుని పట్టుకో. అట్లే కదలకుండా ఉంటే ఇంకొకరు టేపుతో కొలవాల. రెండు పిడికిళ్ళ బయటి అంచుల మధ్య దూరం ఒకటి. క్లాంపు నుంచి పిడికిలి మధ్య వరకు ఎత్తు ఒకటి. క్లాంపు నుంచి పిడికిలి వెనక్కి ఎంత ఉందన్నది ఇంకొకటి. ఆ తర్వాత రెండు పిడికిళ్ళలో ఒక్కో పెన్సిలు పెట్టించుకుని పైనుంచి ఒక ఫోటో, వెనక నుంచి ఒక ఫోటో తీయించు. పెన్సిళ్ళు రెండూ ఒకే అడ్డగీతలో ఉండవు. బయటి చివర్లు కొంచెం వెనక్కి, కొంచెం కిందికి వాలి ఉంటాయి. మనిషి మణికట్టు సహజంగా నిలబడే తీరు అది. కొత్త బారు చివర్లు ఆ పెన్సిళ్ళ దారిలోనే ఉండాల. వేరే రోజు, అలసిపోయి డ్యూటీ నుంచి వచ్చినాక ఇంకోసారి కొలువు. రెండు కొలతలకూ తేడా వస్తే అలసినప్పటి కొలతే నమ్ము, ఎందుకంటే బెంగళూరు దారిలో పలమనేరు దాటేసరికి నువ్వు అట్లే కూర్చుంటావు.

ఇంకొంచెం ఓపిక ఉంటే కరెంటు పనికి వాడే 20 మిల్లీమీటర్ల పీవీసీ పైపు తెచ్చుకో. లోపల ఇసుక నింపి వేడి చేస్తే నలగకుండా వంగుతుంది. క్లాంపు దగ్గర టేపు చుట్టి లావు చేసి బిగించు, నీ కొలతల ప్రకారం వంచు, మొబైల్ చూసుకుంటా అరగంట దాని మీద చేతులు పెట్టుకుని కూర్చో. భుజం ఎక్కడ పట్టేస్తుందో అప్పుడే తెలిసిపోతుంది. ఇది కదలని బండి మీద కూర్చుని చూసుకోవడానికి మాత్రమే. దాంతో బండిని తొయ్యను కూడా తొయ్యొద్దు.

పాత బారు కూడా కొలిచి రాసి పెట్టుకో. బార్లు అమ్మేవాళ్ళందరూ ఎత్తును ఒకే చోటి నుంచి కొలవరు. కొందరు పైపు మధ్య నుంచి మధ్యకు, కొందరు అడుగు నుంచి పై అంచుకు కొలుస్తారు. అందుకే అట్టపెట్టె మీద అంకె చూసి కొనకుండా, పాత బారును కొలిచిన పద్ధతిలోనే కొత్తదీ కొలిచి, "పాతదాని కంటే ఇంత వెనక్కి, ఇంత పైకి" అన్న లెక్కలో ఆలోచించు. క్లాంపుల లోపల పట్టు కోసం గరుకుగా ఉండే భాగం ఎంత పొడుగుందో కూడా రాసుకో. కొత్త బారులో అది నీ క్లాంపుల వెడల్పుకు సరిపోవాల.

లావు విషయంలో పొరపాటు పడితే ఇంక ఏదీ కుదరదు. నీ బండికి ఉన్నది 22 మిల్లీమీటర్ల బారు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతులు ఏడు. మన దేశంలో తిరిగే బళ్ళలో చాలావాటికి ఇదే. హార్లీ తరహా బార్లు ఒక అంగుళం, 25.4 మిల్లీమీటర్లు ఉంటాయి. వాటి మీద నీ లివర్ల క్లాంపులు, స్విచ్ క్యూబులు (స్విచ్చులు ఉండే డబ్బాలు), యాక్సిలరేటర్ గొట్టం ఏవీ ఎక్కవు. లావు బార్లు మధ్యలో 28.6 ఉండి గ్రిప్పుల దగ్గర 22కు సన్నబడతాయి. వాటికి నీ లివర్లు పనికొస్తాయి గానీ క్లాంపులు మార్చాల. పెద్ద క్లాంపులో సన్న బారు పెట్టి మధ్యలో రేకు ముక్క దూర్చి బిగించే పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోవద్దు. ఆ రేకు నలిగి జారిన రోజు బ్రేకు వేసేటప్పుడు బారు ముందుకు తిరిగిపోతుంది. చేతిలో పట్టు పోయిన బండిని ఆపడం ఎవరి వల్లా కాదు.

ఇప్పుడు మీ ముగ్గురి మాట చూద్దాం. క్లిప్-ఆన్ వదిలెయ్యి. నీ బండికి ఫోర్కుల పైన హెడ్‌లైటు, మీటరు, పై ప్లేటు అన్నీ కలిసిన డోము ఉంది. ఫోర్కు గొట్టాలు దాని లోపల, కవర్ల వెనక ఉంటాయి. క్లిప్-ఆన్ పట్టుకోవడానికి బయటికి కనపడే గొట్టం కావాల. అది కుదరాలంటే డోము తీసేసి పై ప్లేటు మార్చి, హెడ్‌లైటు వేరేగా బిగించాల. అది బారు మార్పు కాదు, బండి ముందు భాగమంతా కొత్తగా కట్టడం. పైగా క్లిప్-ఆన్‌కు కాళ్ళు వెనక్కి పోవాల, నీ సీటు దానికి సరిపడేది కాదు.

ఏప్ హ్యాంగర్ మీద నాకు కోపమేమీ లేదు. కొంచెం ఎత్తుగా ఉండి, చివర్లు బాగా వెనక్కి వచ్చే చిన్న రకం కొందరికి చక్కగా కుదురుతుంది. కానీ పిడికిళ్ళు భుజాల కంటే పైకి పోతే చేతుల్లో రక్తం సరిగ్గా ఆడక తిమ్మిరి పడతాయి, ఎదురుగాలి అంతా ఛాతీ మీద పడుతుంది. బారు పొడుగు పెరిగే కొద్దీ క్లాంపు మీద పడే మెలి కూడా పెరుగుతుంది, కొద్దిగా వదులైనా చివర్లలో పెద్ద ఊగులాటగా తెలుస్తుంది. బ్రేకు ఆయిలు డబ్బా వాలిపోతుంది, అన్ని కేబుళ్ళూ, బ్రేకు ఆయిలు పోయే హోసూ, వైర్లూ పొడిగించాల. నీ మాదిరి రోజూ తిరిగే మనిషికి అది వద్దు.

డ్రాగ్ బార్ విషయం కొంచెం నిదానంగా చెప్పాల, ఎందుకంటే నీకు నచ్చింది అదే. అచ్చమైన డ్రాగ్ బార్ దాదాపు తిన్నగా ఉండే పైపు. వెనక్కి చాలా తక్కువ వస్తుంది, ఎత్తు దాదాపు లేదు. ఒంటి సీటు మీద వెనక్కి కూర్చున్న మనిషి దాన్ని అందుకోవాలంటే ముందుకు వంగాల. తిన్నటి రోడ్డు మీద గాలి నీ బరువును కొంచెం మోస్తుంది కాబట్టి తెలియదు. తిరుమల నుంచి దిగేటప్పుడు తెలుస్తుంది. దిగే దారి 1944 నాటి పాత ఘాటు. మలుపులు ముడుచుకుని ఉంటాయి, సెకండ్ గేరులో ఇంజను పట్టు మీద నిదానంగా దిగాల, గాలి సాయం ఉండదు. వాలు వల్ల ఒంటి బరువంతా అరచేతుల మీదికి వస్తుంది. మొత్తం దిగేసరికి బొటనవేలు మొదట్లో మొద్దుబారిపోతుంది. క్లచ్ లివరు మీద, బ్రేకు లివరు మీద వేళ్ళ పట్టు తగ్గేది కూడా అప్పుడే, నీకు వాటి అవసరం అన్నిటికంటే ఎక్కువున్నప్పుడు. భాకరాపేట ఘాట్లో లారీల వెనక దిగేటప్పుడూ ఇదే కథ. 

నీకు నచ్చిన రూపం పోకుండానే దీనికి దారి ఉంది. డ్రాగ్ బార్లలోనే చివర్లు బాగా వెనక్కి వచ్చే రకం దొరుకుతుంది. లేదా ట్రాకర్ బార్ అనేది ఉంది, కొంచెం ఎత్తు, మంచి వెడల్పు, చివర్లు వెనక్కి. ముందు నుంచి చూస్తే అదే తక్కువ ఎత్తు, అదే వెడల్పాటి చూపు. కూర్చుంటే మాత్రం వీపు నిటారుగా ఉంటుంది. నీ పెన్సిల్ ఫోటోలతో పోల్చి చూడు, ఎక్కువ భాగం ట్రాకర్ బార్ దగ్గరికే వస్తావని నా నమ్మకం.

వెడల్పు గురించి ఒక్క మాట. వెడల్పు పెరిగితే మలుపులో బండి తేలిగ్గా వంగుతుంది, తగ్గితే నిదానంలో బరువుగా ఉంటుంది. అట్లని మరీ వెడల్పు చేస్తే చేతులు చాచుకుని కూర్చోవాల, ఛాతీ గాలికి తెరుచుకుంటుంది. హ్యాండిలు బాగా తిప్పాల్సిన మలుపులో బయటి చెయ్యి అందకుండా పోతుంది. అది చాలామంది ఊహించని ఇబ్బంది. గాంధీ రోడ్డులో ఆటోల సందులో దూరేటప్పుడు అద్దాలు ఎక్కడ తగులుతాయో కూడా లెక్కలోకి తీసుకో. మామూలు ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషికి 720 నుంచి 800 మిల్లీమీటర్ల లోపల సరిపోతుంది. కొంచెం వెడల్పుగా కొని చివర్లు కోసుకోవచ్చు, కోసింది మళ్ళీ అతకదు. కోసే ముందు స్విచ్, లివరు, గ్రిప్పు అన్నీ పెట్టి మిగిలే చోటు చూసుకో. రెండు వైపులా సమానంగా కొయ్యాల.

ఏ లోహం అన్నదానికి నా జవాబు సూటిగా ఉంటుంది. మంచి గోడ మందం ఉన్న స్టీలు బారు తీసుకో. స్టీలు పడినప్పుడు వంగుతుంది, వంగింది కంటికి కనపడుతుంది. అల్యూమినియం తేలిక, చూపుకు బాగుంటుంది, కానీ ఒకసారి గట్టిగా పడిన అల్యూమినియం బారును మళ్ళీ సరిచేసి వాడకూడదు, మార్చెయ్యాల్సిందే. స్టీలు అయినా క్లాంపు పక్కన వంగితే అదే మాట. గేట్లు, గ్రిల్లులు చేసే వెల్డింగు షాపులో నీళ్ళ పైపు వంచి, క్రోమ్ వేయించి బారుగా అమ్మేవి నేను చూసినా. వద్దే వద్దు. ఆ పైపు ఆ పనికి పుట్టింది కాదు, మడత దగ్గర గోడ పలచబడి అక్కడే విరుగుతుంది. బారు మీద వెల్డింగు కూడా అంతే, ఎంత అందంగా చేసినా పక్కన బలహీనమవుతుంది.

కొనడానికి మన ఊర్లో దొరక్కపోతే చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డు, పుదుపేట ఉన్నాయి. లేదా నువ్వు ఎట్లా అయినా బెంగళూరు పోతావు కాబట్టి జేసీ రోడ్డులో చూడు. పుదుపేటలో పాత బారు తీసుకుంటే రెండు చివర్లూ ఒకే గీతలో ఉన్నాయా అని ఒక చివర నుంచి కన్ను పెట్టి చూడు, బోర్లించి సమమైన బల్ల మీద పెట్టి ఊగుతుందేమో చూడు. క్లాంపు ఉన్న చోట గీతలు, పగుళ్ళు గోటితో తడుము. పాతది వాడిన చరిత్ర తెలియదు, డబ్బు కుదిరితే కొత్తదే మేలు.

ఇంక కేబుళ్ళు. బారు ధర కంటే వీటి మీదే నువ్వు ఎక్కువ ఆలోచించాల. బారు వెనక్కి వచ్చినా, వెడల్పయినా, పైకి లేచినా క్లచ్ కేబులు, యాక్సిలరేటర్ కేబులు, బ్రేకు హోసు, రెండు స్విచ్ వైర్లు, వీటన్నిటికీ దారి మారుతుంది. కొత్త బారును క్లాంపులో తేలిగ్గా బిగించి, లివర్లు వేళ్ళతో తిరిగేంత వదులుగా పెట్టి, ముందు చక్రం పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి చూడు. ఏ చివరన అయినా కేబులు బిగుసుకుంటే, పదునుగా మడత పడితే, ట్యాంకుకూ ఫోర్కుకూ మధ్య నలిగితే అది పొడుగు చాల్లేదని అర్థం. "కొంచెమే కదా, లాగితే వస్తుంది" అన్న మాట ఇక్కడ పనికిరాదు.

ఎందుకో వివరంగా చెప్తా. యాక్సిలరేటర్ కేబుల్లో బయటి తొడుగు, లోపలి తీగ రెండూ ఉంటాయి. హ్యాండిలు తిప్పినప్పుడు తొడుగు బిగుసుకుంటే, నువ్వు రేజ్ ఇవ్వకపోయినా లోపలి తీగ లాగినట్టే అవుతుంది. ఘాట్లో ముడుచుకున్న మలుపులో హ్యాండిలు చివరి దాకా తిప్పుతావు, క్లచ్ సగం పట్టుకుని ఉంటావు, సరిగ్గా అప్పుడు ఇంజను తనంతట తనే రేజ్ అవుతుంది. బండి మలుపు లోపలికి పోకుండా నేరుగా గోడ వైపు తోసుకుపోతుంది. మెకానిక్ షాపు ముందు తిన్నగా నిలబెట్టి రేజ్ చేస్తే ఈ లోపం కనపడదు. అందుకే ఇంజను ఆన్‌లో పెట్టి, న్యూట్రల్లో, ముందు చక్రం పైకి లేపి, హ్యాండిలు ఒక చివర నుంచి ఇంకో చివరకు నిదానంగా తిప్పి విను. శబ్దంలో ఇసుమంత తేడా వచ్చినా బండి షెడ్డు దాటకూడదు. యాక్సిలరేటర్లో 2, 3 మిల్లీమీటర్ల వదులు ఉండాల. వదిలితే టప్పుమని వెనక్కి రావాల, హ్యాండిలు ఎటు తిరిగి ఉన్నా సరే.

పొడుగు కేబులు కోసం రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళదే థండర్‌బర్డ్ బండిది తెచ్చి నీ పాతదాని పక్కన పెట్టి చూడు, ఆ బండికి బారు ఎత్తు కాబట్టి కేబుళ్ళూ పొడుగే. చివరి బిగింపులు, నిపుల్ (తీగ చివర ఉండే లోహపు గుండు) ఆకారం కలిస్తేనే వాడు. కలవకపోతే కేబుళ్ళు చేసిచ్చే చోట చేయించుకోవాల. అప్పుడు పాత కేబులు నమూనాగా ఇచ్చి ఒక విషయం తప్పకుండా చెప్పు: తొడుగు ఎంత పెంచితే లోపలి తీగ కూడా సరిగ్గా అంతే పెరగాల. తీగ బయటికి కనపడే భాగం పాతదాని కొలతే ఉండాల. ఇది మరిచి తొడుగు ఒక్కటే పెంచితే కేబులు ఎప్పుడూ లాగినట్టే ఉంటుంది, తీగ ఒక్కటే పెంచితే అడ్జస్టరు చివరికి వచ్చినా వదులు పోదు. నిపుల్ లోపల తీగ పోగులు విచ్చుకుని, ఆ తర్వాత టంకం పడాల. ఊరికే దూర్చి టంకం పెట్టింది క్లచ్ బరువుకు ఊడొస్తుంది.

బ్రేకు హోసు దగ్గర నేను ఎవరితోనూ రాజీ పడను. హోసు చాలకపోతే కొత్తది, బ్రేకు కోసమే చేసింది, సరైన పొడుగులో కొనాల. మన దగ్గర జేసీబీలకు, ట్రాక్టర్లకు హైడ్రాలిక్ పైపులు కొలత ప్రకారం బిగించే షాపులు ఉన్నాయి, చాలామందికి అక్కడ చేయించుకుంటే పోలా అనిపిస్తుంది. ఆ పైపులు ప్రెషరు తట్టుకుంటాయి, నిజమే. కానీ అవి ఖనిజ నూనె కోసం చేసిన రబ్బరు. నీ బ్రేకులో ఉండేది డాట్ 4, అది వేరే రకం ద్రవం. ఆ రబ్బరు దాంట్లో ఉబ్బి, మెత్తబడి, లోపలి పొరలు ఊడి దారి మూసుకుంటుంది. పైకి ఏమీ కనపడదు.

హోసు రెండు చివర్లా బోలు బోల్టుకు ఇరువైపులా ఉండే రాగి వాషర్లు కొత్తవి వెయ్యాల. ఫ్లూయిడ్ సీలు తియ్యని కొత్త డబ్బాది పొయ్యి, తెరిచి పెట్టిన డబ్బా గాలిలో తేమ పీల్చుకుంటుంది. ట్యాంకు కొత్త పెయింటుతో వస్తుంది కాబట్టి దాన్ని అప్పుడే బిగించొద్దు. బ్రేకు ఫ్లూయిడ్ చుక్క పడితే పెయింటు లేచిపోతుంది. పడితే వెంటనే నీళ్ళతో కడిగెయ్యాల. హోసులో చేరిన గాలి తీసినాక లివరు గట్టిగా ఉండాల, పట్టుకుని నొక్కి ఉంచితే కిందికి దిగకూడదు. ఆయిలు డబ్బా మూత హ్యాండిలు తిన్నగా ఉన్నప్పుడు దాదాపు సమంగా ఉండాల. ఇది చదివే మిగతావాళ్ళలో ఏబీఎస్ బండి ఉన్నోళ్ళకు ఒక మాట: ఆ ఏబీఎస్ యూనిట్ లోపలికి గాలి పోతే మామూలుగా తీస్తే రాకపోవచ్చు, దాన్ని తీసే పరికరం ఉన్న చోటికే తీసుకుపోండి.

వైర్ల పని తేలికే. నీ బండికి స్విచ్ వైర్లు హెడ్‌లైటు లోపలికి పోతాయి. పొడిగించాల్సి వస్తే అదే మందం వైరు, అదే రంగు తీసుకుని, టంకం పెట్టి, వేడికి ముడుచుకునే స్లీవు తొడుగు. అతుకులు అన్నీ ఒకే చోట రాకుండా ముందూ వెనకా పెట్టు. టేపు చుట్టి వదిలేస్తే మే నెల ఎండకు జిగురు కారి ఊడిపోతుంది. వైర్లు బారు లోపలి నుంచి పంపాలని చాలామంది ఆశపడతారు. చూపుకు శుభ్రంగా ఉంటుంది, కానీ దానికి బారుకు పెద్ద రంధ్రాలు వెయ్యాల, అది కూడా మెలి ఎక్కువ పడే చోటికి దగ్గరగా. అందుకోసమే చేసి అమ్మే బారు అయితే సరే, మామూలు బారుకు డ్రిల్లు పెట్టి చెయ్యొద్దు.

డ్రిల్లు పెట్టాల్సింది ఒక్క చోటే. స్విచ్ క్యూబు లోపల చిన్న ముల్లు ఉంటే, అది దిగడానికి బారుకు రంధ్రం కావాల. కొందరు ఆ ముల్లు కోసేసి బిగిస్తారు, తర్వాత క్యూబు తిరుగుతా ఉంటుంది. సరిగ్గా గుర్తు పెట్టి, ముల్లు లావుకు సరిపడా ఒక చిన్న రంధ్రం వేసి, అంచులు రాకి నునుపు చెయ్యి. లివర్ల కోణం నచ్చినాకే ఆ గుర్తు పెట్టాల.

బిగించే రోజు క్లాంపులు, బారు మధ్య భాగం శుభ్రంగా తుడువు, నూనె గానీ గ్రీజు గానీ ఉండకూడదు. బారును నడిమధ్యకు తెచ్చి నాలుగు బోల్టులు చేత్తో దగ్గరికి పెట్టు. క్లాంపు మీద చుక్క గుర్తు ఉంటే దాని ప్రకారం ముందు వైపు పూర్తిగా, తర్వాత వెనక. గుర్తు లేకపోతే ముందూ వెనకా సందు సమానంగా ఉండేట్టు కొంచెం కొంచెం మార్చి మార్చి బిగించు. ఇట్లాంటి 8 మిల్లీమీటర్ల బోల్టులకు మామూలుగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల బిగువు సరిపోతుంది, నీ మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే పాటించు. టార్క్ రెంచ్ (బిగువు కొలిచి బిగించే పానా) ఉన్న మెకానిక్ దగ్గరికే పో. బలమంతా పెట్టి బిగిస్తే మరలు పోతాయి. బిగించినాక రెండు గ్రిప్పుల మీద ఒంటి బరువు వేసి కిందికి నొక్కు, కదలకూడదు. లివర్లు చాపిన చేతికి, మణికట్టుకూ వేళ్ళకూ ఒకే గీతలో వచ్చేట్టు పెట్టు. యాక్సిలరేటర్ గ్రిప్పు చివర బారు అంచుకు ఒరుసుకోకుండా ఒకటి రెండు మిల్లీమీటర్లు వదులు.

అదే చేత్తో కోన్ సెట్ (హ్యాండిలు తిరిగే చోట ఉండే బేరింగులు) చూపించు. ముందు చక్రం లేపి ఫోర్కులు ముందుకూ వెనక్కూ లాగితే టక్కుమంటే వదులు, తిప్పేటప్పుడు మధ్యలో ఆగినట్టు ఉంటే గాడి పడింది. పాత బారు మీద తెలియని ఈ లోపం వెడల్పు బారు మీద బాగా తెలుస్తుంది, జనం బారును తిట్టుకుంటారు. ట్యాంకు వచ్చి బిగించినాక మళ్ళీ ఒకసారి హ్యాండిలు రెండు వైపులా చివరికి తిప్పు. లివరు, స్విచ్, నీ బొటనవేలు, ఏదీ ట్యాంకుకు తగలకూడదు. వేలు పట్టేంత సందు లేకపోతే బారు మార్చాల, ఫోర్కు దగ్గరి అడ్డు ముక్కకు వెల్డింగు పెట్టి తిరుగుడు తగ్గించడం సరైన దారి కాదు. ఘాట్లో ఆ తిరుగుడు మొత్తం నీకు కావాల.

చట్టం మాట కూడా తెలుసుకో. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా పడేట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అనుమతి లేని మార్పుకు 182ఎ సెక్షన్ కింద ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. హ్యాండిల్ బారు కొలత ఆర్సీలో రాసేది కాదు, అయినా మార్చిన బండి అంటే ఆపి చూస్తారు. నీ బండిలో బారు కంటే పొట్టి చేసిన మడ్గార్డు, తీసేసిన రెండో సీటే ముందు కంట్లో పడతాయి. ఇద్దరికి రిజిస్టరైన బండిని ఒంటి సీటు చేసేటప్పుడు ఆర్టీఓ ఆఫీసులో అడిగి చెయ్యి. ఇన్సూరెన్సు వాళ్ళకు కూడా రాతపూర్వకంగా చెప్పు. అద్దాలు రెండూ ఉంచు. పాత బారు, పాత కేబుళ్ళు నూనె గుడ్డలో చుట్టి అటక మీద పెట్టు, అమ్ముకోవద్దు.

పని అయినాక మొదటిసారే ఘాటుకు పోవద్దు. చంద్రగిరి దాకా తిన్నటి రోడ్డు మీద పోయి రా, ఖాళీ చోట ఎనిమిది ఆకారంలో నిదానంగా తిరుగు, ముందు బ్రేకు ఒంటిగా నాలుగైదు సార్లు గట్టిగా వేసి చూడు. వచ్చినాక క్లాంపు బోల్టులు మళ్ళీ రెంచ్‌తో చూడాల, కొత్త బారు కొంచెం సర్దుకుంటుంది. ఒక వారం డ్యూటీకి తిరిగినాక మణికట్టు నొప్పి ఉంటే వెంటనే ఇంకో బారు కొనే ముందు ఇదే బారును రెండు మూడు డిగ్రీలు వెనక్కి తిప్పి చూడు, లేదంటే 20 మిల్లీమీటర్ల రైజరు (బారును పైకి లేపే దిమ్మె) పెట్టు. ఎక్కువమందికి అంతటితోనే సరిపోతుంది. రైజరు పెడితే కేబుళ్ళ పరీక్ష మళ్ళీ మొదటి నుంచి చెయ్యాల.

సీటు బిగించినాక నీ మూడు కొలతలు, రెండు పెన్సిల్ ఫోటోలు, పాత బారు కొలతలు పెట్టు. డోము మీద క్లాంపుల మధ్య దూరం కూడా రాయి. అప్పుడు ఏ బారు, కేబులు ఎంత పెంచాల అన్నది లెక్క కట్టి చెప్తా.